విజయవాడ, గుంటూరు ఎండల్లో మొదటి కూరల తోట: డాబా మీదా, బాల్కనీలోనా, పెరట్లోనా?

ఇంట్లో నాలుగు కూరగాయలు పండించుకుందామనుకునేవాళ్లు ముందు అడిగేది "ఏ మొక్కలు వేస్తే బాగుంటుంది?" అని. ఆ ప్రశ్న చివర అడగాల్సింది. మన రెండు ఊళ్లలో కొత్తవాళ్ల తోటలు ఎండిపోయేది ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో. అక్టోబరులో ఎవరు చల్లినా పాలకూర వస్తుంది. మే నెలలో ఆ కుండీలో ఏదో ఒకటి పచ్చగా ఉంచగల చోటు, నీళ్లు, ఓపిక మీకు ఉన్నాయా అన్నది ముందు తేల్చుకోవాలి. అందుకే కింద చెప్పే పోలికలన్నీ ఎండాకాలాన్ని ఎదురుగా పెట్టుకుని చేసినవే. యూట్యూబ్‌లో బెంగళూరు వాళ్లు చూపించే తోటలు అందంగానే ఉంటాయి, కానీ వాళ్ల మే నెల వేరు, మన మే నెల వేరు.

చోటు

డాబా అందరికీ మొదట తట్టే చోటు. వంగ, టమాటా, బెండ, మిర్చి బాగా కాయాలంటే రోజుకి కనీసం ఆరు గంటల ఎండ పడాలి. పట్నంలో అది ఖాయంగా దొరికేది డాబా మీదే. చిక్కేమిటంటే, మేలో అదే శ్లాబు పెనంలా కాలుతుంది. మన దగ్గర ఆ నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే, ఒక్కో ఏడాది 45 దాకా కూడా పోతుంది. శ్లాబు మీద నేరుగా పెట్టిన సంచిలో మట్టికి పై నుంచీ కింద నుంచీ సెగ తగులుతుంది. కాబట్టి డాబా ఎంచుకునేవాళ్లు రెండు ఖర్చులకి ముందే సిద్ధపడాలి. ఒకటి, కుండీలను కొంచెం ఎత్తులో నిలిపే స్టాండ్లు. ఇటుకలు పేర్చినా సరిపోతుంది. కింద గాలి ఆడుతుంది, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో కనిపిస్తుంది. రెండోది, మార్చి నుంచి జూన్ దాకా కట్టే షేడ్‌నెట్. ఎండలో సగం ఆపే 50 శాతంది తీసుకోండి. 75 శాతంది చల్లగా ఉంటుందని కొంటారు గానీ, దాని కింద కాయగూర మొక్కలు సన్నగా సాగిపోతాయి, పూతకి రావు. అక్టోబరు, నవంబరు తుపాన్ల ముందు నెట్ విప్పేయాలి. లేకపోతే గాలికి నెట్‌తోపాటు దాన్ని కట్టిన పైపులు కూడా పోతాయి.

బరువు గురించి భయపడేవాళ్లు మరీ ఎక్కువ భయపడతారు, భయపడనివాళ్లు అసలు పట్టించుకోరు. లెక్క ఇలా చూడండి. మనుషులు తిరిగే డాబాకి చదరపు మీటరుకి సుమారు 150 కిలోల అదనపు బరువు పట్టుకుని డిజైన్ చేయమని, భవనాలు మోయాల్సిన బరువుల గురించిన భారత ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. పన్నెండు అంగుళాల గ్రోబ్యాగ్‌లో (మొక్కలు పెంచే సంచిలో) ఇరవై లీటర్లకి పైగా మట్టి పడుతుంది. ఉత్త ఎర్రమట్టి నింపి తడిపితే ఒక్కొక్కటి ముప్పై కిలోలు తూగుతుంది, కొబ్బరిపొట్టు కలిపిన తేలిక మిశ్రమమైతే అందులో సగం, కాస్త అటూ ఇటూగా. తేలికవి చదరపు మీటరుకి నాలుగైదు పెడితే బెంగ లేదు. రెండొందల లీటర్ల డ్రమ్ము నిండా తడిమట్టి అంటే మూడొందల కిలోల పైమాట, అదంతా చారెడు జాగా మీద పడుతుంది. అలాంటివి పెట్టి తీరాలనుకుంటే కింద స్తంభమో దూలమో ఉన్నచోట, పిట్టగోడ వెంబడే పెట్టాలి. పాత ఇంటికైతే ఇంజనీరుకి ఒకసారి చూపించండి.

అపార్ట్‌మెంట్ డాబా సంగతి వేరు. అది అందరిదీ. కింద ఫ్లాటు సీలింగ్‌లో తేమ కనిపించిన రోజున, కారణం మీ కుండీలైనా కాకపోయినా, మాట మీ మీదకే వస్తుంది. అసోసియేషన్ మీటింగులో ముందే చెప్పి, ఏ మూల వాడుకుంటారో రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. ఆ టెన్షన్ వద్దనుకుంటే బాల్కనీ మేలు.

బాల్కనీలో దిక్కే అంతా. తూర్పు బాల్కనీ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. పొద్దున్నే మూడు నాలుగు గంటలు ఎండ తగిలి, మధ్యాహ్నానికి నీడ వస్తుంది. ఆకుకూరలకి, పుదీనాకి ఆ ఎండ చాలు. పడమటి బాల్కనీలో సాయంత్రం ఎండ దంచేస్తుంది. అక్కడ తీగబచ్చలి పెట్టి గ్రిల్‌కి అల్లించండి. అది ఎండకి ఓర్చుకుంటుంది, గదికి కాస్త చలవ కూడా. దక్షిణపు బాల్కనీని చాలామంది తక్కువగా చూస్తారు. నా ఓటు మాత్రం తూర్పు తర్వాత దానికే. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా కాస్త ఉత్తరానికే ఉంటాడు. అందువల్ల దక్షిణపు బాల్కనీలో సంక్రాంతి రోజుల్లో గడప దాకా ఎండ వస్తుంది, మే, జూన్‌లో పైశ్లాబు నీడలోనే ఉండిపోతుంది. మనకి చలికాలంలో ఎండ, ఎండాకాలంలో నీడ కావాలి కదా! ఇక ఉత్తరం బాల్కనీలో కూరల తోట ఆశ పెట్టుకోకండి. తమలపాకు తీగ పెట్టుకోండి, దానికి నీడే ఇష్టం.

పెరడు ఉన్న పాత ఇళ్లు గుంటూరులో ఇంకా చాలానే ఉన్నాయి. నేల ఉంటే కుండీ ఎందుకని అనిపిస్తుంది. నిజమే, నేలలో వేసిన మొక్క ఒక పూట నీళ్లు పోయకపోయినా తట్టుకుంటుంది, మునగకి, కరివేపాకుకి, దొండపాదుకి నేలకి మించిన చోటు లేదు. కానీ పార పెట్టేముందు ఒక అడుగు లోతున తవ్వి చూడండి. ఇల్లు కట్టినప్పుడు పూడ్చిన ఇటుక ముక్కలు, సిమెంటు గడ్డలే చాలాచోట్ల బయటపడతాయి. మంచి నల్లరేగడి బయటపడినా పండగ చేసుకోనక్కర్లేదు. ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానాకాలం నీళ్లు పట్టుకుని వదలదు. అందుకని నేల మీద ఒక అడుగు ఎత్తున మడి కట్టి, పశువుల ఎరువు, ఇసుక కలిపి వేసుకోవడం మంచి పద్ధతి. పల్లపు పేటల్లో ఈ ఎత్తు ఇంకా అవసరం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ల మధ్య రోజుల తరబడి నీళ్లు నిలిచిన సంగతి గుర్తుంది కదా! మురుగునీళ్లు నిలిచిన నేలలో కొన్నాళ్లు పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా లాంటివి వేయకపోవడం మంచిది.

మూడూ అందుబాటులో ఉన్న కొత్తవాళ్లకి నా సలహా: డాబా మీద మెట్లగదికి తూర్పు పక్కన ఉండే జాగాతో మొదలుపెట్టండి. పొద్దున్నంతా ఎండ ఉంటుంది, మధ్యాహ్నం తర్వాత ఆ గోడ నీడే మొక్కల్ని కాపాడుతుంది. నీళ్ల ట్యాంకు పక్కన కూడా ఇలాంటి మూల ఒకటి దొరుకుతుంది. షేడ్‌నెట్ ఖర్చు సగం తగ్గినట్టే.

ఎప్పుడు

మృగశిర కార్తె రాగానే, అంటే జూన్ 7, 8 తేదీల్లో, విత్తనం వేయాలనే అలవాటు మనకి పొలం నుంచి వచ్చింది. వాన మీద ఆధారపడే రైతుకి అది సరైన లెక్క. కుళాయి ఉన్న డాబా తోటకి వాన కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. పైగా జూన్ సగం దాకా ఎండ తగ్గదు. ఆ తర్వాత జులై, ఆగస్టుల్లో ఉక్కపోత, ముసురు, వాటితో వచ్చే పురుగులు, కుళ్లు తెగుళ్లు. మొదటిసారి వేసేవాళ్లకి ఇది కష్టమైన పరీక్ష.

దసరాకి, దీపావళికి మధ్య మొదలుపెట్టడం సుఖం. ఎండ మెత్తబడుతుంది, రాత్రి చల్లబడుతుంది, పాలకూర, మెంతికూర, కొత్తిమీర, ముల్లంగి, టమాటా అన్నీ ఇష్టంగా పెరుగుతాయి. ముందు నాలుగు నెలలు మంచి రోజులే కాబట్టి ఎండాకాలం వచ్చేసరికి మీ చేయి తిరుగుతుంది. మధ్యలో తుపాను వానలు వస్తాయి. కుండీ అడుగున కన్నాలు మూసుకుపోకుండా చూసుకుంటే చాలు.

అయితే గోంగూరనీ చిక్కుడునీ ఈ లెక్కలో కలపకండి. ఇవి పగలు చిన్నదయ్యే రోజుల్లో పూతకి వచ్చే మొక్కలు. జూన్‌లో వేసిన గోంగూర నెలల తరబడి ఆకు ఇస్తుంది, అక్టోబరులో వేస్తే మూరెడు కూడా ఎదగకుండానే పువ్వు పూస్తుంది. పాదుచిక్కుడు జులై, ఆగస్టులో పెడితే చలికాలంలో కాపుకొస్తుంది, రథసప్తమి నాటికి కాయకీ ఆకుకీ లోటుండదు. సొర, బీర, కాకర కూడా వానల మొదట్లో వేసుకునేవే. తొందర ఆపుకోలేక జూన్‌లోనే మొదలుపెట్టేవాళ్లు గోంగూర, తోటకూర, బెండలతో సరిపెట్టుకోండి.

సంక్రాంతి సెలవుల్లో ఉత్సాహంగా మొదలుపెట్టేవాళ్లూ ఉంటారు. జనవరి మధ్యలో నాటిన టమాటా నారుకి మొదటి పండు రావడానికి రెండు నెలలకి పైగా పడుతుంది. అప్పటికి మార్చి చివర. పగలు 35 డిగ్రీలు దాటాక పూత నిలవదు, రాలిపోతుంది. రెండు కాయలు చూసేసరికి సీజన్ అయిపోతుంది. జనవరిలో వేస్తే ఆకుకూరలే వేయండి.

దేనిలో, ఏ మట్టిలో

మట్టికుండీ గోడ గుండా నీళ్లు ఆవిరవుతాయి కాబట్టి వేరు చల్లగా ఉంటుంది, కానీ రెండు పూటలా నీళ్లు అడుగుతుంది. బరువెక్కువ, పగులుతుంది. పెద్ద ప్లాస్టిక్ కుండీలో తేమ నిలుస్తుంది. నల్ల రంగుది మాత్రం ఎండకి బాగా వేడెక్కుతుంది. గ్రోబ్యాగులు అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకి సులువు, ఇల్లు మారితే ఆటోలో వేసుకుపోవచ్చు. పల్చటి పాలిథిన్ సంచులు మన ఎండకి ఏడాది తిరిగేసరికి పొడిపొడిగా చినుగుతాయి. ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలని తట్టుకునే మందపాటి హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) సంచికి ఎక్కువ పెట్టినా అది కొన్నేళ్లు నిలుస్తుంది. తెలుపో లేతాకుపచ్చో ఉంటే మరీ మంచిది.

ఇవన్నీ కొనేముందు పండ్ల దుకాణాల దగ్గర, చేపల మార్కెట్ దగ్గర పడేసే థర్మకోల్ పెట్టెలు చూడండి. ఆకుకూరలకి అవి కొన్న కుండీల కంటే నయం. వేడిని లోపలికి రానివ్వవు, బరువుండవు, లోతు కూడా సరిగ్గా ఎనిమిది అంగుళాలకి అటూ ఇటూ ఉంటుంది. అడుగున నాలుగైదు కన్నాలు పెట్టి, బాగా కడిగి వాడాలి. పాత ఫ్రిజ్ డొక్కు దొరికితే వెల్లకిలా పడుకోబెట్టి ఒక పెద్ద మడి చేసుకోవచ్చు. లోపలి గోడలో ఉండే ఇన్సులేషన్ వేడిని ఆపుతుంది. చూడ్డానికి బాగుండదని ఇంట్లోవాళ్లు గొణుగుతారు, అది మీరూ మీరూ తేల్చుకోండి. పెయింట్ బకెట్లు వంగకి, మిర్చికి సరిపోతాయి.

ఇటుకలతో శాశ్వత మడులు కట్టించడం మొదటి ఏడాది వద్దు. తోట కొనసాగుతుందో లేదో ఒక మే నెల దాటితేగాని తెలియదు.

మట్టి దగ్గర పిసినారితనం చేస్తే మిగతా ఖర్చంతా దండగ. పొలం నుంచి తెచ్చిన నల్లమట్టి సంచిలో నింపితే ఎండినప్పుడు కుంచించుకుపోయి అంచు నుంచి విడిపోతుంది. పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి కిందకి పోతాయి, మధ్యలో వేరు పొడిగానే ఉంటుంది. కింద తడి కనిపిస్తుంది కాబట్టి మీకు అనుమానం రాదు. అందుకే ఎర్రమట్టి వాడండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్, ఒక పాలు కొబ్బరిపొట్టు, కుండీకి గుప్పెడు వేపపిండి కలిపితే చాలా మొక్కలకి సరిపోతుంది. డాబా మీద బరువు తగ్గించాలంటే మట్టి తగ్గించి కొబ్బరిపొట్టు పెంచండి. కొబ్బరిపొట్టు దిమ్మని నానబెట్టి, ఆ నీళ్లు ఒకటి రెండుసార్లు పారబోసి వాడాలి, దానిలో ఉప్పు ఉంటుంది. రైస్‌మిల్లు ఊక మనకి దొరకని వస్తువేం కాదు, కొంచెం కలిపితే మట్టి గుల్లగా ఉంటుంది.

రెడీమేడ్ పాటింగ్ మిక్స్ సంచులు నాలుగైదు కుండీల బాల్కనీకి బాగానే ఉంటాయి. ఇరవై కుండీలకి ఆ ధర దండగ. పచ్చిపేడ మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా వేయకండి. వేడికి వేర్లు కాలతాయి, వేరుపురుగు కూడా దానితోనే వస్తుంది. మాగిన ఎరువుకి వాసన ఉండదు, చేతిలో పొడిపొడిగా రాలుతుంది.

ఏం వేయాలి

ఇప్పుడు అడగండి ఆ ప్రశ్న.

ఆకుకూరలా, కాయగూరలా అంటే మొదటి మూడు నెలలు ఆకుకూరలే. తోటకూర పాతిక ముప్పై రోజుల్లో కోతకి వస్తుంది. పాలకూర ఇంకొక వారం తీసుకుంటుంది, మొదలు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. ఒకసారి చెడినా నెలలో మళ్లీ వేసుకోవచ్చు, వంగ చెడితే సీజన్ పోయినట్టే. నాలుగు పెట్టెలు పెట్టుకుని వారానికి ఒకదానిలో తోటకూర చల్లితే, నెల తిరిగాక వారం వారం ఒక పెట్టె కోతకి సిద్ధంగా ఉంటుంది. తోటకూర గింజ మరీ సన్నం కాబట్టి ఇసుకలో కలిపి చల్లాలి. ధనియాలని చెప్పుకాలితోనో చేత్తోనో నలిపి రెండు బద్దలు చేసి వేస్తే మొలక బాగా వస్తుంది. ఏప్రిల్, మేలో కొత్తిమీర కోసం తంటాలు పడకండి, బజారులో కొనుక్కోండి. ఆ రెండు నెలలూ బచ్చలి, తోటకూర, పొన్నగంటి చాలు.

డబ్బు మిగులుతుందా అని అడిగితే, టమాటాలో మిగలదు. రైతుబజారు ధరతో మన డాబా టమాటా ఎప్పటికీ పోటీ పడలేదు. కరివేపాకు, పుదీనా, కొత్తిమీర, నాలుగు పచ్చిమిర్చి దగ్గర మిగులుతుంది. రోజూ కొంచెం కావాలి, కొంటే కట్టలో సగం వాడిపోతుంది. అందుకని ఆకుకూరల పెట్టెలతోపాటు ఒక పెద్ద కుండీలో కరివేపాకు, వెడల్పాటి టబ్బులో పుదీనా ముందే పెట్టేయండి. పుదీనాకి విత్తనం వెతకనక్కర్లేదు, బజారు కట్టలో ముదురు కాడలు నాలుగు గుచ్చితే చాలు.

కాయగూరల్లోకి దిగేటప్పుడు వంగ, బెండ ముందు, టమాటా తర్వాత. వంగ మొక్క ఒకసారి నిలదొక్కుకుంటే నెలల తరబడి కాస్తుంది, ముదిరాక కొమ్మలు కత్తిరిస్తే మళ్లీ చిగురిస్తుంది. బెండకి తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు పెద్ద బెడద. ఆకు ఈనెలు పసుపు తిరిగిన మొక్కని మందు కొట్టి బాగుచేయలేం, పీకేయడమే. విత్తనం కొనేటప్పుడే ఆ తెగులుని తట్టుకునే అర్క అనామిక లాంటి రకం అడగండి.

గుంటూరులో ఉండి మిర్చి వేయకపోతే ఎలా అంటారా? వేయండి, కానీ రెండు మూడు మొక్కలే. 2021-22లో నల్ల తామరపురుగు మన జిల్లా మిర్చి రైతుని ఎంత ఏడిపించిందో అందరికీ తెలుసు. అనుభవం ఉన్న రైతుకే లొంగని పురుగు డాబా మీద మనకి తేలిగ్గా లొంగదు. మొక్క దగ్గర ఒక నీలిరంగు జిగురు అట్ట వేలాడదీసి, వారం పది రోజులకొకసారి సాయంత్రం పూట వేపనూనె కొట్టండి. లీటరు నీళ్లకి అయిదు మిల్లీలీటర్ల నూనె, అది నీళ్లలో కలవడానికి కొంచెం సబ్బునీళ్లు. ఆకుల అడుగుభాగం తడవాలి, పిల్ల పురుగులు ఎక్కువగా ఉండేది అక్కడే. తెల్లదోమకైతే పసుపు అట్ట.

విత్తనమా, నారా అన్నదానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. ఆకుకూరలు, బెండ, చిక్కుడు, పాదులు విత్తనంతో, వంగ, టమాటా, మిర్చి నారుతో. గుంటూరు చుట్టుపక్కల రైతుల కోసం మిర్చి నారు పెంచే షేడ్‌నెట్ నర్సరీలు బోలెడు. వాళ్లు ట్రేల లెక్కన అమ్ముతారు. మీకు కావలసింది నాలుగు మొక్కలు కాబట్టి సీజన్‌లో వెళ్లి మర్యాదగా అడగండి, విడిగా ఇచ్చేవాళ్లూ ఉంటారు. ఆకు ముడుచుకున్న నారు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

పాదుల మీద మోజు అందరికీ ఉంటుంది. సొరపాదుకి పన్నెండంగుళాల సంచి చాలదు, కనీసం యాభై లీటర్ల టబ్బు, పైన గట్టి పందిరి కావాలి. పిందె పసుపు తిరిగి రాలుతుంటే చాలాసార్లు పరాగం అందకపోవడమే కారణం. సొరపువ్వు విచ్చేది సాయంత్రం కాబట్టి ఆ వేళకే మగపువ్వు కోసి ఆడపువ్వుకి రాయండి. ఈ పని వద్దనుకుంటే దొండ పెట్టండి. బాగా కాసే పాదు నుంచి తీగముక్క తెచ్చి గుచ్చితే చాలు, ఏళ్ల తరబడి ఉంటుంది.

నీళ్లు

మే నెలలో పన్నెండంగుళాల సంచిలో ఎదిగిన వంగ మొక్కకి రోజుకి సుమారు రెండు లీటర్లు పట్టొచ్చు. ఇరవై సంచులంటే రెండు పెద్ద బకెట్లు, రోజూ, తప్పకుండా. డాబా మీద కుళాయి లేకపోతే అయిదారు సంచులకి మించి పెట్టకండి.

మున్సిపాలిటీ నీళ్లు మొక్కలకి బాగా పనికొస్తాయి. బోరు నీళ్లు పేటని బట్టి మారతాయి. కుండీ మట్టి మీద తెల్లగా పొర కడుతున్నా, ఆకు అంచులు మాడుతున్నా ఉప్పు ఎక్కువైందని అర్థం. అప్పుడు వారానికి ఒకసారి మంచినీళ్లు కిందనుంచి కారేదాకా పోసి ఉప్పు కడిగేయాలి. ఆర్వో మిషన్ వదిలే నీళ్లు వృథా పోతున్నాయని మొక్కలకి పోస్తుంటారు. బోరు నీళ్లలో ఉన్న ఉప్పంతా చిక్కబడేది ఆ నీళ్లలోనే. కుండీలకి వద్దు, బాత్‌రూమ్ కడుక్కోండి. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు, అవి నిశ్చింతగా పోయొచ్చు.

ఊరెళ్లాల్సి వస్తే? సంక్రాంతికి మూడు రోజులు వెళ్లినా, కుండీల మీద ఎండుగడ్డి పరిచి, అన్నిటినీ నీడకి చేర్చి బాగా తడిపి వెళితే చాలావరకు తట్టుకుంటాయి. వేసవి సెలవుల్లో అది కుదరదు. టైమర్‌తో నడిచే చిన్న డ్రిప్ కిట్లు దొరుకుతాయి గానీ, కుళాయిలో నీళ్లు వేళకి వచ్చే ఇంట్లోనే అవి పని చేస్తాయి. ట్యాంకు ఖాళీ అయితే టైమర్ ఏం చేస్తుంది? పక్కింటివాళ్లకి అప్పగించేలా ఉంటే, కోసిన కూర వాళ్లదేనని ముందే చెప్పి తాళంచెవి ఇవ్వండి. వేసవిలో నెల రోజులు ఊళ్లో ఉండని కుటుంబమైతే, మార్చి చివరికల్లా ఆకుకూరల పెట్టెలు ఖాళీ చేసి, మట్టి ఎండబెట్టి, కరివేపాకు, పుదీనా మాత్రం ఎవరింట్లోనన్నా ఉంచి వెళ్లండి.